చలికాలపు ఆయాసం: ఉపశమనం వేరు, చికిత్స వేరు అని చరిత్ర నేర్పిన పాఠం



కార్తీకం వెళ్లి మార్గశిరం ప్రవేశించిందంటే నా కన్సల్టింగ్ గదికి ఒక తరహా రోగుల రాక ఎక్కువయ్యేది. "డాక్టరుగారూ, నాకు పెద్ద జబ్బేమీ లేదండీ, చలికాలంలో కాస్త ఆయాసం, అంతే" అని మొదలుపెట్టేవారు. తెల్లవారుజామున దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు, మంచులో నాలుగడుగులు వేగంగా వేస్తే రొప్పు. వారి జేబులో నీలం రంగు ఇన్‌హేలర్ ఒకటి ఉండేది. అవసరమైనప్పుడు రెండుసార్లు పీల్చేవారు, ఆయాసం తగ్గేది. సంక్రాంతి దాటి ఎండ ముదిరాక దాన్ని బీరువాలో పెట్టి, మళ్లీ మరుసటి ఏడు మార్గశిరంలో వెతికేవారు.

ఆ పద్ధతిలో తప్పేమిటని మీరు అడగవచ్చు. నేను వైద్యవిద్య ముగించి ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలినాళ్లలో నాకూ అందులో తప్పు కనిపించలేదు. మాకు నేర్పిన వైద్యమూ దాదాపు అదే. అందులోని ప్రమాదాన్ని వైద్యలోకం గుర్తించడానికి చాలా కాలం పట్టింది, కొన్ని వేల ప్రాణాలు మూల్యంగా పోయాయి. ఆ కథ తెలిస్తే మీ ఇంట్లోని ఇన్‌హేలర్‌ను మీరు చూసే దృష్టి మారుతుందని నా నమ్మకం. అందుకే ఈసారి చిట్కాలతో కాక, చరిత్రతో ప్రారంభిస్తున్నాను.

ప్రాచీనులు చూసినది

చలికీ ఆయాసానికీ ఉన్న సంబంధం కొత్తగా కనుగొన్నది కాదు. చరకసంహిత చికిత్సాస్థానంలో శ్వాసరోగాలను ఐదు విధాలుగా విభజించారు. మహాశ్వాసం, ఊర్ధ్వశ్వాసం, ఛిన్నశ్వాసం, తమకశ్వాసం, క్షుద్రశ్వాసం. వీటిలో తమకశ్వాస వర్ణన నేటి ఉబ్బసానికి అత్యంత సమీపంగా ఉంటుంది. మబ్బు పట్టినప్పుడు, వాన కురిసినప్పుడు, చలి పెరిగినప్పుడు, తూర్పుగాలి వీచినప్పుడు ఈ బాధ హెచ్చుతుందని గ్రంథకర్త పేర్కొన్నాడు. రోగి పడుకోలేడు, లేచి కూర్చుంటే కొంత సుఖం. వేడి పదార్థాలను కోరుకుంటాడు. కఫం బయటపడితే కాసేపు తెరిపి. మీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఈ వర్ణనలోని ప్రతి మాటనూ మీరు కళ్లతో చూసే ఉంటారు.

ఆ సందర్భంలోనే చరకుడు ఒక కీలకమైన పదం వాడాడు. తమకశ్వాసం కొత్తగా పుట్టినదైతే సాధ్యం కావచ్చు, లేకుంటే అది "యాప్యం" అన్నాడు. యాప్యమంటే పూర్తిగా నయం కాకపోయినా, పథ్యంతో, ఔషధంతో అదుపులో ఉండే జబ్బు. ఆ కట్టడి సడలితే చిన్న కారణంతోనే తిరగబెడుతుంది. ఈ మాటను గుర్తుంచుకోండి, చివరలో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

గ్రీకు వైద్యగ్రంథాలలో "ఆస్తమా" అనే పదం హిప్పోక్రటీసు సంప్రదాయం నాటికే కనిపిస్తుంది. రొప్పడమని దాని భావం. ఆ తరువాత అరెటియస్ అనే వైద్యుడు ఈ రోగి గదిలో గాలి చాలనట్టు ఆరుబయటికి పరుగు తీయడాన్ని సజీవంగా వర్ణించారు.

పన్నెండో శతాబ్దం చివరలో ఈజిప్టులో స్థిరపడిన మైమోనిడీస్ ఉబ్బసంపై అరబ్బీలో ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. ఒక ఉన్నతవంశీయుడైన రోగి కోసం రాసిన పుస్తకమది. వానల కాలంలో మామూలు జలుబుగా మొదలై, క్రమంగా రేయింబవళ్లు ఊపిరి అందని స్థితికి దారి తీస్తుందని ఆయన గమనించారు. నగరపు పొగ, మురికిగాలి మంచివి కావన్నారు. మితాహారం, తగిన నిద్ర, స్వచ్ఛమైన గాలి, కోడిమాంసపు పులుసు సూచించారు. ఈ జబ్బును ఒక్క దెబ్బతో మాయం చేసే మంత్రమందు తన దగ్గర లేదని నిజాయితీగా ఒప్పుకున్నారు. జలుబుకూ ఉబ్బసానికీ ఆయన కలిపిన ముడి ఎంత గట్టిదో ఎనిమిది వందల ఏళ్ల తరువాత తేలింది. 1995లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో బడిపిల్లలపై జరిగిన అధ్యయనంలో, ఉబ్బసం హెచ్చిన సందర్భాలలో ఐదింట సుమారు నాలుగింటిలో జలుబు తెప్పించే వైరస్‌లే కనిపించాయి.

ఉమ్మెత్త పొగ ప్రయాణం

పరిశీలన ఎంత చక్కగా ఉన్నా, రోగికి కావలసింది ఆ క్షణాన ఊపిరాడటం. ఆ ఉపశమనానికి మన దేశంలో ఉమ్మెత్త పొగ పీల్చే వాడుక ఉండేది. అప్పటి మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ప్రధాన వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ ఈ పద్ధతిని గమనించి ఆదరించారు. జనరల్ జెంట్ అనే సైనికాధికారి 1802లో దీన్ని మద్రాసు నుంచి బ్రిటన్‌కు తీసుకువెళ్లారు. ఆ తరువాతి కాలంలో ఐరోపాలో ఉమ్మెత్త జాతి ఆకులతో చేసిన "ఉబ్బసం సిగరెట్లు" మందుల దుకాణాలలో అమ్ముడుపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం వాటి వాడుక సాగింది.

ఆ పొగకు నిజంగానే కొంత గుణం ఉంది. ఉమ్మెత్తలోని అట్రోపిన్ వంటి రసాయనాలు శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరాల బిగుతును సడలిస్తాయి. 1970లలో వచ్చిన ఇప్రాట్రోపియం అనే ఇన్‌హేలర్ మందు ఆ అట్రోపిన్ వంశానిదే. అయితే ఉమ్మెత్త విషవృక్షమని మీకు చెప్పనవసరం లేదు. మోతాదు కాస్త మించితే భ్రాంతి, గుండెదడ, ప్రాణాపాయం. పైగా పొగ శ్వాసనాళాలను మరింత రేపుతుంది. దయచేసి ఎవరూ దాన్ని ఇంట్లో ప్రయత్నించవద్దు.

1698లో ఉబ్బసంపై గ్రంథం రాసిన జాన్ ఫ్లోయర్, 1860లో రాసిన హైడ్ సాల్టర్, ఇద్దరూ ఇంగ్లండు వైద్యులే, ఇద్దరూ స్వయంగా ఉబ్బస రోగులే. శ్వాసనాళాలు బిగుసుకుపోవడమే ఈ బాధకు మూలమని వారు గ్రహించారు. ఖాళీ కడుపున చిక్కని కాఫీ తాగమని సాల్టర్ సలహా ఇచ్చారు. అది వట్టి మూఢనమ్మకం కాదు. కాఫీలోని కెఫీన్, తరువాతి కాలంలో ఉబ్బసం బిళ్లలలో వాడిన థియోఫిలిన్, రెండూ రసాయనికంగా దగ్గరి బంధువులు. అయినా కాఫీ బలం స్వల్పం, దాన్ని మందుకు బదులుగా భావించకూడదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఉమ్మెత్త అయినా, కాఫీ అయినా, 1900ల ఆరంభంలో ఇంజెక్షన్‌గా వచ్చిన అడ్రినలిన్ అయినా, ఇవన్నీ చేసే పని ఒక్కటే. బిగుసుకున్న నాళాన్ని కాసేపు వదులు చేయడం. అవి పని చేయబట్టే, జబ్బంటే ఆ బిగుతే అనే అభిప్రాయం వైద్యులలో బలపడింది. ఆయాసం తగ్గితే జబ్బు తగ్గినట్టే. ఇదే అసలు పొరపాటు.

ఒక బాలిక ప్రశ్న, తరువాతి విషాదం

1955లో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతికి పదమూడేళ్ల కుమార్తె ఉండేది. ఆమెకు ఉబ్బసం. గాజుతో చేసిన, సులభంగా పగిలిపోయే నెబ్యులైజర్‌తో విసిగి, తలకు కొట్టుకునే స్ప్రే డబ్బాలాగా తన మందు కూడా ఎందుకు రాకూడదని తండ్రిని అడిగింది. మరుసటి సంవత్సరమే, అంటే 1956లో, కొలిచిన మోతాదును వదిలే తొలి ఇన్‌హేలర్ విపణిలోకి వచ్చింది. ఒక బాలిక సహజంగా అడిగిన ప్రశ్న కోట్లమందికి మేలు చేసింది. ఇందులో సందేహం లేదు.

కానీ దాని వెంటే ఒక చీకటి అధ్యాయం కూడా వచ్చింది. 1960లలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు వంటి దేశాలలో ఉబ్బసంతో మరణించే పిల్లలు, యువకుల సంఖ్య హఠాత్తుగా పెరిగింది. ఐసోప్రినలిన్ అనే మందును అధిక సాంద్రతతో నింపిన ఇన్‌హేలర్ల వాడకానికీ ఈ మరణాలకూ సంబంధం ఉందని వైద్యులు అనుమానించారు. హెచ్చరికలు వెలువడి వాడకం తగ్గాక మరణాలూ తగ్గాయి. 1970ల చివర న్యూజిలాండులో రెండోసారి అదే తరహా ఉపద్రవం తలెత్తింది. ఈసారి వేలెత్తి చూపింది ఫెనోటెరాల్ అనే మరో ఉపశమన మందు వైపు. 1989లో అక్కడి పరిశోధకులు ఆ సంబంధాన్ని ప్రచురించారు.

ఆ మరణాలు ఎలా సంభవించాయన్నది దీర్ఘకాలం చర్చనీయాంశమైంది. మందు నేరుగా గుండెపై చూపిన ప్రభావమా? లేక తాత్కాలిక ఉపశమనం దొరకడంతో, లోపల జబ్బు ముదురుతున్నా రోగులు ఆసుపత్రికి ఆలస్యంగా చేరడమా? ఈ రెండో అవకాశమే మనకు, అంటే చలికాలంలో "కొంచెం ఆయాసం" గలవారికి, సూటిగా తగిలే హెచ్చరిక. ఉపశమనం ఎంత త్వరగా కలిగితే జబ్బును అంత సులభంగా మరచిపోతాం.

నాళం లోపల ఏముంది

ఈలోగా మరో వైపు జ్ఞానం పెరిగింది. 1972లో బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పీల్చే రూపంలో వాడవచ్చని తేలింది. అది ఆయాసాన్ని వెంటనే తగ్గించదు. రోజూ వాడితే కొద్ది వారాలలో ఆయాసం రావడమే తగ్గుతుంది. 1980లలో సన్నని గొట్టాన్ని ఊపిరితిత్తులలోకి పంపి, శ్వాసనాళపు లోపలి పొర నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. తేలికపాటి ఉబ్బసం ఉన్నవారిలో కూడా ఆ పొర వాచి ఉంది, ఇసినోఫిల్ వంటి కణాలు అందులో చేరి ఉన్నాయి. అంటే బిగుతు పైకి కనిపించే లక్షణం, వాపు లోపల ఉండే జబ్బు. ఉపశమన మందు బిగుతును వదులు చేస్తుంది, వాపును తాకదు.

మరి చలి ఈ వాపుకు ఏం చేస్తుంది? మనం పీల్చే గాలి ఊపిరితిత్తుల లోపలికి చేరేసరికి శరీర ఉష్ణోగ్రతకు వేడెక్కాలి, తేమతో నిండాలి. ఆ పనిలో అధికభాగం ముక్కు చేస్తుంది. చల్లని గాలిలో తేమ తక్కువ. పైగా వేగంగా నడిచేటప్పుడు, ముక్కు దిబ్బడ వేసినప్పుడు నోటితో పీలుస్తాం. అప్పుడు శ్వాసనాళాల పొరే తన తడిని ఇచ్చుకోవాలి. అది ఆరిపోయి లవణసాంద్రత పెరిగితే అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ల వంటి రసాయనాలను విడుదల చేస్తాయి, నాళాలు బిగుసుకుంటాయి. వ్యాయామం చేస్తూ చల్లగాలి పీల్చితే ఈ బిగుతు మరింత పెరుగుతుందని 1977లో అమెరికా పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు. ఆరోగ్యవంతుడి నాళం ఈ చలిని సులభంగా తట్టుకుంటుంది. వాపు ఉన్న నాళం తట్టుకోలేదు. కాబట్టి చలి నిప్పురవ్వ మాత్రమే, ఎండుగడ్డి అప్పటికే లోపల ఉంది.

మన చలి, మన పొగ

లంబసింగి, అరకు, ఆదిలాబాదు ప్రాంతాలను మినహాయిస్తే తెలుగునాట చలి అంత తీవ్రమైనది కాదు. అయినా ఆయాసం ఎందుకు పెరుగుతుంది? మన చలి ఒంటరిగా రాదు. దానితోపాటు జలుబు వస్తుంది. అటకపై నుంచి దించిన దుప్పట్లు, రగ్గుల దుమ్ము వస్తుంది. తలుపులు మూసిన గదిలో దోమల చుట్ట, అగరుబత్తి పొగ చేరుతుంది. చలి రాత్రులలో నేలను అంటుకుని ఉండే చల్లని గాలిపొర పొగను పైకి పోనివ్వదు. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు ఇదే కారణంతో నాలుగైదు రోజులు కదలలేదు. అప్పటి లెక్కల ప్రకారం సుమారు 4,000 మంది అదనంగా మరణించారు, వారిలో శ్వాసకోశ, హృద్రోగులే అధికం. మన పట్టణాల పరిస్థితి అంత విషమం కాకపోవచ్చు గాని, సూత్రం ఒక్కటే. భోగి తెల్లవారుజామున చలి, మంచు, మంటల పొగ మూడూ ఒకేచోట కలుస్తాయి. పాత టైర్లు, ప్లాస్టిక్ కూడా మంటలో వేస్తే ఇక చెప్పేదేముంది? పండుగ వద్దనడం నా ఉద్దేశం కాదు. ఆయాసం ఉన్నవారు మంటకు దూరంగా, గాలి వీచే దిశకు ఎదురుగా లేకుండా నిలబడితే చాలు.

ఋతువు మారినప్పుడు ఉబ్బసం కదులుతుందని మన జనానికి తెలుసు. ఏటా మృగశిర కార్తె ప్రవేశించే రోజున హైదరాబాదులో కొరమీను పిల్లతో ఇచ్చే మందు కోసం వేలాదిమంది బారులు తీరడం అందుకు గుర్తు. తమ పూర్వీకులు 1845 నుంచి దాన్ని ఇస్తున్నారని బత్తిన కుటుంబీకులు చెబుతారు. దాని తయారీ రహస్యం, ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయమైన నిదర్శనం లేదు. నమ్మకంతో వెళ్లేవారిని నేను ఏనాడూ ఎగతాళి చేయలేదు. వెళ్లి వచ్చినా ఇన్‌హేలర్ మానవద్దని మాత్రం ప్రతిసారీ చెప్పాను. ఒక్క రోజు మందుతో ఒడ్డున పడాలన్న ఆశ మనిషికి సహజం. ఈ జబ్బు స్వభావం అందుకు ఒప్పుకోదు.

"తేలికపాటి" అనే మాట

2014లో బ్రిటన్‌లో ఉబ్బస మరణాలపై జాతీయ సమీక్ష వెలువడింది. మరణించినవారిలో జబ్బు తీవ్రతను అంచనా వేయగలిగిన 155 మందిలో 14 మందిది తేలికపాటి ఉబ్బసమే. తేలికపాటి అంటే లక్షణాలు తక్కువని అర్థం, ప్రమాదం లేదని కాదు.

2018లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో, తేలికపాటి ఉబ్బసం ఉన్నవారు అవసరమైనప్పుడు ఉపశమన మందు ఒక్కటే పీల్చడానికి బదులు, స్టెరాయిడ్ కూడా కలిసిన బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ ఇన్‌హేలర్ పీల్చితే తీవ్రమైన ఉబ్బస దాడులు సుమారు 64 శాతం తగ్గాయి. 2019లో గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా అనే అంతర్జాతీయ సంస్థ తన మార్గదర్శకాలను మార్చింది. వయోజనులకు, కౌమారులకు నీలం ఇన్‌హేలర్‌తో మాత్రమే చేసే చికిత్సను ఇక సిఫార్సు చేయబోమని ప్రకటించింది. నేను చదువుకున్న చదువు, దశాబ్దాలపాటు నేను రాసిన మందుచీటీలు అసంపూర్ణమని ఆ ప్రకటన చెప్పింది. ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. వైద్యశాస్త్రం తన తప్పును తానే దిద్దుకుంటుంది, అదే దాని బలం.

ఇక మీరు చేయవలసినది

ప్రతి చలికాలంలోనూ మీకు ఆయాసం, పిల్లికూతలు వస్తుంటే చలి ముదరకముందే ఒకసారి వైద్యుణ్ణి కలవండి. ఊపిరి పరీక్ష చేయించుకోండి. వాపును తగ్గించే మందు మీకు అవసరమా, ఏ రూపంలో, ఎన్నాళ్లు అని సూటిగా అడగండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం అక్కరలేదు. పీల్చే స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది, అది నేరుగా నాళాలకే చేరుతుంది. పీల్చిన తరువాత నోరు పుక్కిలించండి. పీల్చే పద్ధతిని వైద్యుని ఎదుట చేసి చూపండి, తప్పుగా పీల్చేవారు చాలామంది.

చలిలో బయటికి వెళ్లేటప్పుడు ముక్కు, నోరు కప్పేలా మఫ్లరో చున్నీయో చుట్టుకోండి. వదిలిన ఊపిరిలోని వేడి, తేమ ఆ గుడ్డలో నిలిచి, పీల్చే గాలిని కొంత వెచ్చబరుస్తాయి. ముక్కుతోనే గాలి పీల్చండి. తెల్లవారుజామున మంచులో నడక మాని, ఎండ వచ్చాక నడవండి. మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా. దుప్పట్లను ఉతికి ఎండలో ఆరవేసి వాడండి. ఇంట్లో పొగ లేకుండా చూసుకోండి, పొగతాగడం పూర్తిగా మానండి. ఏటా ఇన్‌ఫ్లూయెంజా టీకా గురించి వైద్యుణ్ణి అడగండి. ఒళ్లునొప్పుల బిళ్లలు, రక్తపోటు మందులు కొన్ని ఉబ్బసాన్ని రేపగలవు, కనుక మీ జబ్బు సంగతి ప్రతి వైద్యుడికీ చెప్పండి. పేరూ ఊరూ లేని పొట్లాల పొడులలో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చు, వాటి జోలికి పోకండి.

ఉపశమన ఇన్‌హేలర్ వారంలో రెండుసార్లకు మించి అవసరమైతే, లేదా ఆయాసంతో రాత్రి మెలకువ వస్తుంటే, జబ్బు అదుపు తప్పుతున్నట్టు లెక్క. వైద్యుణ్ణి కలవండి. ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం, పెదవులు నీలబడటం, ఇన్‌హేలర్ పీల్చినా తెరిపి లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

చరకుడు వాడిన "యాప్యం" అనే మాటకు తిరిగి వద్దాం. నాళంలోని వాపు సంగతి ఆయనకు తెలియదు, తెలిసే సాధనమూ లేదు. అయినా ఈ జబ్బుతో ఎలా మెలగాలో ఆ ఒక్క మాటలో ఉంది. కనిపించనప్పుడు కూడా అది ఉందని గుర్తించాలి, కనిపించనప్పుడే దాన్ని అదుపు చేయాలి. ఈ సంక్రాంతి వెళ్లాక మీ ఇన్‌హేలర్‌ను బీరువాలో పెట్టేముందు, మందు ఆపవచ్చునా అని మీ వైద్యుణ్ణి ఒక్క మాట అడగండి. నేను కోరేది అంతే.

మీ అందరికీ ఆరోగ్యప్రదమైన శీతాకాలం కలగాలని ఆకాంక్షిస్తూ, సెలవు.